పతకాల చాటున పెరిగే జబ్బు: సైనిక జీవితంలో బైపోలార్ రుగ్మత

తక్కువ నిద్రతో ఎక్కువసేపు పనిచేయగలగడం, ప్రమాదం ఎదురుగా ఉన్నా వెనుకాడకపోవడం, తోటివారు డీలాపడిన వేళ తాను మాత్రం ఉత్సాహంగా ఉండి వారిని ముందుకు నడిపించడం, తన నిర్ణయంపై తనకు తిరుగులేని నమ్మకం కలిగి ఉండడం సైనిక వృత్తి మనిషి నుంచి కోరే గుణాలు. బైపోలార్ రుగ్మత తన తొలి దశలో మనిషికి తెచ్చిపెట్టే లక్షణాలు కూడా ఇంచుమించు ఇవే కావడం వల్ల, యూనిఫాంలో ఉన్న వ్యక్తిలో ఈ జబ్బును గుర్తించడం మామూలు ఉద్యోగిలో గుర్తించడం కంటే కష్టమవుతుంది. బ్యాంకులోనో బడిలోనో పనిచేసే వ్యక్తి మూడు రాత్రులు నిద్రపోకుండా కొత్త పథకాలు రాసుకుంటూ కూర్చుంటే ఇంట్లోవాళ్ళకు అనుమానం వస్తుంది. సైనికుడు అదే పని చేస్తే పై అధికారి మెచ్చుకునే అవకాశమే ఎక్కువ. ఈ మెప్పు కారణంగా జబ్బు ఏళ్ళ తరబడి సామర్థ్యంగా చెలామణీ అయి, చివరికి అది జబ్బేనని తెలిసే సమయానికి ఉద్యోగానికీ కుటుంబానికీ ప్రాణానికీ ముప్పు తెచ్చే స్థాయికి చేరుతుంది.

బైపోలార్ రుగ్మతలో మనిషి మానసిక స్థితి రెండు కొసల మధ్య మారుతూ ఉంటుంది. ఒక కొసన ఉన్న స్థితిని మేనియా, అంటే ఉన్మాద దశ అంటారు. అందులో మనసు విపరీతంగా ఉప్పొంగుతుంది లేదా అకారణంగా చిరాకుపడుతుంది, ఆలోచనలు ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తాయి, మాట ఆగదు, నిద్ర అవసరం తగ్గిపోతుంది, ఖర్చులోనూ సాహసాల్లోనూ అదుపు తప్పుతుంది. ఈ స్థితి కనీసం వారం రోజులు కొనసాగి జీవితాన్ని అస్తవ్యస్తం చేసినప్పుడో, ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినప్పుడో వైద్యులు దాన్ని మేనియాగా లెక్కిస్తారు. అదే లక్షణాలు తక్కువ తీవ్రతతో కనీసం నాలుగు రోజులు ఉంటే దానిని హైపోమేనియా అంటారు. రెండో కొసన ఉన్నది కుంగుబాటు. రెండు వారాలకు తగ్గకుండా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, అలసట, తాను పనికిమాలినవాడినన్న భావన, చావు గురించిన ఆలోచనలు ఇందులో కనిపిస్తాయి. పూర్తి మేనియా ఒక్కసారైనా వచ్చిన వారిది మొదటి రకమనీ, హైపోమేనియాతో పాటు తీవ్రమైన కుంగుబాటు వచ్చేవారిది రెండో రకమనీ వైద్యులు విభజిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4 కోట్ల మంది ఈ రుగ్మతతో జీవిస్తున్నారు.

ఈ జబ్బు ఎక్కువమందిలో పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ ప్రాంతంలో, అంటే సైన్యంలో చేరే వయసులోనే తొలిసారి తల ఎత్తుతుంది. నియామకపు పరీక్షలో పూర్తి ఆరోగ్యవంతుడిగా తేలిన యువకుడు నాలుగైదేళ్ళకే రోగి కావడం పరీక్షలోని లోపం కాకపోవచ్చు, ఎందుకంటే పరీక్ష జరిగిన నాటికి జబ్బు జన్యువుల్లో పొంచి ఉందే తప్ప బయటపడలేదు. కవల పిల్లలపై జరిగిన అధ్యయనాలను బట్టి ఈ రుగ్మతలో వంశపారంపర్య ప్రభావం 60 నుంచి 85 శాతం దాకా ఉంటుందని అంచనా. అయితే దీనికి కారణం ఏదో ఒక జన్యువు కాదు: 2025లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ పరిశోధన మానవ జన్యుపటంలో ఈ రుగ్మతతో సంబంధం ఉన్న 298 స్థానాలను గుర్తించింది. వీటిలో ఒక్కొక్కదాని ప్రభావం చాలా చిన్నది. అనేకం కలిసి మనిషిని జబ్బుకు చేరువ చేస్తాయి. ఆ చేరువలో ఉన్న మనిషిని రోగిగా మార్చేవి తరచుగా జీవితంలో ఎదురయ్యే ఒత్తిళ్ళు, వాటిలోనూ ముఖ్యంగా నిద్రకు కలిగే అంతరాయం.

నిద్రకూ ఈ జబ్బుకూ మధ్య ఉన్న బంధం ప్రత్యేకమైనది. నిద్ర తగ్గడం మేనియాకు లక్షణం మాత్రమే కాదు, కారణం కూడా. 1987లో అమెరికన్ మానసిక వైద్యుడు థామస్ వేర్, ఆయన సహచరులు ప్రచురించిన ఒక వ్యాసంలో, మేనియాను రేపే రకరకాల కారణాలు, అవి మనోవేదనలైనా మందులైనా దూరప్రయాణాలైనా, చివరకు నిద్రను తగ్గించడం ద్వారానే పనిచేస్తూ ఉండవచ్చునని ప్రతిపాదించారు. నిద్ర తగ్గితే మేనియా మొదలవుతుంది, మేనియా నిద్రను మరింత తగ్గిస్తుంది, అలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. మెదడులో కంటినరాలు కలిసే చోటికి కొంచెం పైన ఉండే చిన్న కణసమూహం వెలుతురును బట్టి శరీరపు జీవగడియారాన్ని సరిచేస్తూ ఉంటుంది. రాత్రి కాపలాలు, ఒక రోజులో అనేక కాలమండలాలు దాటించే విమాన ప్రయాణాలు, పగలూ రాత్రీ తేడా తెలియని జలాంతర్గామి జీవితం, ఫిరంగుల మోతలో గడిచే రోజులు ఆ గడియారాన్ని పదే పదే తలకిందులు చేస్తాయి. ఆరోగ్యవంతుడికి ఇది అలసటతో పోతుంది. జన్యుపరంగా ఈ జబ్బుకు చేరువలో ఉన్న వ్యక్తిని మాత్రం ఇదే నేరుగా మేనియాలోకి నెట్టగలదు.

ఈ పరిణామం మొత్తం ఒకే జీవితంలో ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి అమెరికా సైన్యంలో మేజర్ జనరల్‌గా పదవీ విరమణ చేసిన గ్రెగ్ మార్టిన్ ఉదంతం బాగా ఉపయోగపడుతుంది. ఆయన తన అనుభవాన్ని బహిరంగంగా చెప్పుకున్నారు, 2023లో దాన్ని పుస్తకంగా కూడా వెలువరించారు. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి 1979లో బయటికి వచ్చి, ప్రసిద్ధ ఎంఐటీలో డాక్టరేట్ పొంది, ఇంజనీర్ విభాగంలో మెట్టు మెట్టుగా ఎదిగిన మార్టిన్, 2003లో అమెరికా ఇరాక్‌పై దాడి చేసినప్పుడు 130వ ఇంజనీర్ బ్రిగేడ్‌కు అధిపతిగా వేలమంది సైనికులను నడిపించారు. చిన్ననాటి నుంచీ తనది మామూలు మనుషుల కంటే ఎక్కువ చురుకుదనం ఉన్న స్వభావమని ఆయనే చెబుతారు. వైద్యులు దీన్ని హైపర్‌థైమియా అంటారు, అంటే జబ్బు స్థాయికి చేరకుండానే ఉత్సాహం ఎప్పుడూ పైస్థాయిలో ఉండే స్వభావం. ఇరాక్ యుద్ధంలోని ఉత్తేజమూ ఒత్తిడీ కలిసి ఆ స్వభావాన్ని జబ్బుగా మార్చాయని ఆయన, ఆయన వైద్యులు తరువాత నిర్ధారణకు వచ్చారు. ఆ యుద్ధరంగంలో ఆయన నిద్రలేకుండా, అలసట ఎరుగకుండా, తనకు ఎదురులేదన్న భావనతో పనిచేశారు. ఆ పనికి ప్రశంసలే దక్కాయి. అక్కడి నుంచి తిరిగి వచ్చాక ఆవరించిన కుంగుబాటును మాత్రం యుద్ధపు బడలికగానే అందరూ అనుకున్నారు.

ఆ తరువాత పదేళ్ళపాటు ఆయనకు పదోన్నతులు ఆగలేదు. ఫోర్ట్ లెనర్డ్ ఉడ్ స్థావరానికి, ఆర్మీ వార్ కాలేజీకి అధిపతిగా పనిచేసి, 2012లో వాషింగ్టన్‌లోని నేషనల్ డిఫెన్స్ యూనివర్సిటీకి అధ్యక్షుడయ్యారు. ఈ పదేళ్ళలో ఉత్సాహపు దశలు మరింత ఎత్తుకూ, కుంగుబాటు దశలు మరింత లోతుకూ వెళ్ళాయి. 2014 నాటికి ఆయన ప్రవర్తన విశ్వవిద్యాలయంలో అందరికీ కనిపించే స్థాయికి చేరింది. ఆ ఏడాది జూలైలో, సాయుధ దళాల ఉమ్మడి అధిపతుల సంఘానికి ఛైర్మన్‌గా ఉన్న జనరల్ మార్టిన్ డెంప్సీ, స్వయంగా తనకు ఎంతో ఇష్టుడైన ఈ అధికారిని పిలిచి, రాజీనామా చేయమనీ లేకపోతే తొలగించవలసి వస్తుందనీ చెప్పి, మానసిక పరీక్షకు వెళ్ళమని ఆదేశించారు. ఆ మాట అనడం కఠినమే అయినా మార్టిన్ దాన్ని తన ప్రాణం కాపాడిన నిర్ణయంగానే భావిస్తారు.

ఈ కథలో వైద్యశాస్త్రం దృష్టితో నిలిచి చూడవలసిన ఘట్టం దీని తరువాత వస్తుంది. పరీక్షలకు పంపిన తొలి వారాల్లో ఆయనను చూసిన వైద్యులు ఆయన విధులకు యోగ్యుడేనని తేల్చారు. మేనియాలో ఉన్న వ్యక్తి, ముఖ్యంగా చదువూ మాటకారితనమూ హోదా ఉన్న వ్యక్తి, గంటసేపు జరిగే సంభాషణలో తనను తాను చక్కగా కూడదీసుకోగలడు. పైగా ఆ దశలో తనకు జబ్బుందన్న స్పృహే అతనికి ఉండదు గనుక అడిగిన ప్రతి ప్రశ్నకూ తాను ఎన్నడూ లేనంత బాగున్నానని నిజాయితీగానే జవాబు చెబుతాడు. రక్తపరీక్షలోనో స్కానింగులోనో బయటపడే జబ్బు కాదిది. దీన్ని పట్టివ్వగలిగేది నెలల తరబడి సాగిన ప్రవర్తన చరిత్ర, అది తెలిసినవారు భార్యాపిల్లలు, దగ్గరి సహోద్యోగులు. మానసిక వైద్యంలో కుటుంబసభ్యుల వాంగ్మూలానికి ఇంత ప్రాధాన్యం ఉండడానికి కారణం ఇదే, సైనిక ఆసుపత్రిలో ఆ వాంగ్మూలం అందకుండా పోయే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే కుటుంబం ఎక్కడో దూరాన ఉంటుంది, దగ్గర ఉన్నవారేమో అతనికి కింది ఉద్యోగులు, జనరల్ గురించి ఫిర్యాదు చేయడానికి వారికి నోరు పెగలదు.

ఆ వేసవి గడిచి శరత్కాలం వచ్చేసరికి మార్టిన్ తీవ్రమైన కుంగుబాటులోకి, దానితోపాటు సైకోసిస్‌లోకి, అంటే లేనివి ఉన్నట్టు నమ్మే స్థితిలోకి జారిపోయారు. 2014 నవంబరులో మొదటి రకం బైపోలార్ రుగ్మత అని నిర్ధారణ అయింది. 2015లో ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు ముగించి విరమణ పొందిన తరువాత కూడా ఆయన చాలాకాలం కుంగుబాటులోనే గడిపారు. వెర్మాంట్ రాష్ట్రంలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో చేరి, విద్యుత్ చికిత్స తీసుకుని, 2016లో లిథియం మందు మొదలుపెట్టిన తరువాతే కోలుకోవడం మొదలైంది. విద్యుత్ చికిత్స అంటే సినిమాల్లో చూపించే చిత్రహింస కాదు. మత్తు ఇచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి, మెదడుకు నియంత్రిత విద్యుత్తు పంపి కొద్ది క్షణాలు మూర్ఛ కలిగించే పద్ధతి, తీవ్రమైన కుంగుబాటులో మందులు పనిచేయనప్పుడు ఫలితాన్నివ్వగల చికిత్స.

తొలి లక్షణం కనిపించిన నాటి నుంచి సరైన నిర్ధారణ జరిగే వరకు సగటున ఆరు నుంచి పదేళ్ళు పడుతుందని వివిధ అధ్యయనాలు చెబుతున్నాయి. మార్టిన్ విషయంలోనూ ఇరాక్ నుంచి లెక్కిస్తే దాదాపు అంత కాలమే పట్టింది. ఆలస్యానికి ఒక ప్రధాన కారణం రోగి వైద్యుడి దగ్గరికి కుంగుబాటులో ఉన్నప్పుడు మాత్రమే వెళ్ళడం. ఉత్సాహంగా ఉన్న దశను ఎవరూ జబ్బుగా చెప్పుకోరు, వైద్యుడు అడగకపోతే ఆ ప్రస్తావనే రాదు. అలా మామూలు కుంగుబాటుగా పొరబడి యాంటీడిప్రెసెంట్ మందు ఒక్కటే ఇస్తే, బైపోలార్ ఉన్నవారిలో కొందరికి అది మేనియాను రేపవచ్చు. సైనికుల విషయంలో ఇంకొక చిక్కు పీటీఎస్‌డీ, అంటే యుద్ధం వంటి భయానక అనుభవం తరువాత మనసులో మిగిలిపోయే గాయం. చిరాకు, నిద్రలేమి, ఉలికిపాటు, దురుసుతనం రెండింటిలోనూ కనిపిస్తాయి, రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండడమూ అరుదు కాదు. వీటిని వేరుచేయడానికి అనుభవజ్ఞులైన వైద్యులు ముందుగా అడిగేది నిద్ర గురించే: పీటీఎస్‌డీ ఉన్నవాడు పీడకలల భయంతో నిద్రపోలేక మరునాడు నీరసించి ఉంటాడు, మేనియాలో ఉన్నవాడు మూడు గంటలు పడుకుని లేచి, ఇంకేమీ అక్కర్లేనట్టు, తెల్లవారకముందే పని మొదలుపెడతాడు. ఒకరికి నిద్ర రాదు, మరొకరికి నిద్రతో పని లేదు. ఈ ఒక్క తేడాను ఇంట్లోవాళ్ళు గమనించి చెప్పగలిగితే నిర్ధారణకు పట్టే కాలం ఎంతో తగ్గుతుంది.

సైనికుడు తన జబ్బును దాచుకోవడానికి కారణం సిగ్గు మాత్రమే అనుకుంటే పొరపాటు. అతని లెక్కకు ఆధారం నిబంధనల్లోనే ఉంది. అమెరికాలో బైపోలార్ చరిత్ర ఉన్నవారిని సైన్యంలో చేర్చుకోరు. 2006లో ఆ దేశ రక్షణ శాఖ జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం, సర్వీసులో ఉండగా ఈ జబ్బు బయటపడినవారిని యుద్ధరంగానికి పంపరు. నిర్ధారణ అయితే వైద్య మండలి ముందుకు వెళ్ళాలి, అక్కడి నుంచి చాలామంది దారి ఇంటికే. సైన్యంలో చేరడానికి తమ యవ్వనమంతా ధారపోసినవారు ఆ దారి తొక్కడానికి ఇష్టపడకపోవడాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ నిబంధనలు కూడా అర్థంలేనివి కావు. ఆయుధాగారం తాళాలున్న మనిషికి మేనియా వస్తే ఏమవుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. అయితే శిక్ష ఎంత కఠినంగా కనిపిస్తే జబ్బు అంత లోతుగా దాక్కుంటుందన్నది కూడా నిజమే, దాగిన జబ్బు నిర్ధారణ అయిన జబ్బు కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరం. ఈ విషయాన్ని గ్రహించే అమెరికా 2021 డిసెంబరులో బ్రాండన్ చట్టం తెచ్చింది. 2018లో ఆత్మహత్య చేసుకున్న బ్రాండన్ అనే నావికుడి తల్లిదండ్రుల పోరాట ఫలితమైన ఈ చట్టం, సైనికుడు ఏ కారణమూ చెప్పనవసరం లేకుండా, గోప్యంగా, తనంతట తానుగా మానసిక పరీక్ష కోరే హక్కు కల్పించింది.

మార్టిన్‌ను నిలబెట్టిన లిథియం మందు పుట్టుకలోనూ సైనిక జీవితం ఉండడం ఈ చరిత్రలో మనసును తాకే అంశం. ఆస్ట్రేలియా మానసిక వైద్యుడు జాన్ కేడ్ రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేస్తూ, 1942లో సింగపూర్ జపాన్ వశమైనప్పుడు బందీగా చిక్కి, చాంగీ శిబిరంలో మూడున్నరేళ్ళు గడిపారు. తిండిలేక విటమిన్ లోపాలతో కృశించిన తోటి ఖైదీల మనస్సులు ఎలా చెదిరిపోతున్నాయో అక్కడ ఆయన దగ్గరుండి చూశారు. మనోవ్యాధులకు మూలం శరీర రసాయనాల్లో ఉండవచ్చునన్న ఆలోచన ఆయనలో అక్కడే బలపడింది. యుద్ధం ముగిశాక మెల్బోర్న్ శివారు బండూరాలోని మాజీ సైనికుల మానసిక ఆసుపత్రిలో పనిచేస్తూ, వాడకంలో లేని ఒక వంటగదిని ప్రయోగశాలగా మార్చుకుని, మేనియా రోగుల మూత్రంలో ఏదైనా విషపదార్థం ఉందేమోనని గినీ పందుల మీద పరీక్షించారు. ఆ ప్రయోగాల కోసం యూరిక్ ఆమ్లాన్ని నీటిలో కరిగించవలసి వచ్చి, బాగా కరిగే లిథియం లవణాన్ని వాడారు. అది ఎక్కించిన జంతువులు ఊహించని విధంగా మందకొడిగా, శాంతంగా మారాయి. కేడ్ మొదట తానే లిథియం మింగి ప్రమాదం లేదని నిశ్చయించుకుని, 1948లో రోగులకు ఇవ్వడం ప్రారంభించారు.

వారిలో మొదటివాడు 51 ఏళ్ళ వ్యక్తి. ఐదేళ్ళుగా ఆగని ఉన్మాదంతో ఆసుపత్రిలోనే ఉండిపోయి, ఎవరికీ కొరుకుడు పడనివాడిగా ముద్రపడ్డాడు. కొద్ది వారాల్లోనే శాంతించాడు, కొద్ది నెలల్లో ఇంటికి వెళ్ళి పాత ఉద్యోగంలో చేరాడు. తరువాత బాగానే ఉన్నానని మందు మానేశాడు, జబ్బు తిరగబెట్టింది, మళ్ళీ ఆసుపత్రిలో చేరి, 1950లో లిథియం మోతాదు విషమించి మరణించాడు. కేడ్ పది మంది మేనియా రోగులపై తన పరిశీలనను 1949 సెప్టెంబరులో ప్రచురించారు. అదే ఏడాది అమెరికాలో ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడ్ వాడిన గుండెజబ్బు రోగులు కొందరు మరణించడంతో ఆ దేశం దాన్ని చాలాకాలం దూరం పెట్టింది. ప్రాణం నిలిపే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య ఎడం తక్కువనీ, రక్తంలో దాని స్థాయిని కొలుస్తూ ఇస్తే భయం లేదనీ మెల్బోర్న్ పరిశోధకులు చూపించారు. 1954లో డెన్మార్క్‌లో మోగెన్స్ షో క్రమబద్ధమైన పరీక్షలతో మందు గుణాన్ని ధ్రువీకరించారు. అమెరికా అనుమతి మాత్రం 1970లో గానీ రాలేదు. ఆ తొలి రోగి జీవితంలో ఈ మందు గురించి ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసినదంతా ఉంది: అది పనిచేస్తుంది, మానేస్తే జబ్బు తిరిగి వస్తుంది, కొలత తప్పితే విషమవుతుంది.

లిథియం తీసుకునే సైనికుణ్ణి ఎడారికి ఎందుకు పంపరో అర్థం కావాలంటే మూత్రపిండాల పనితీరు కొంత తెలియాలి. లిథియం, ఉప్పులోని సోడియం రసాయనికంగా దగ్గరి బంధువులు. రక్తాన్ని వడపోసిన తరువాత మూత్రపిండాలు సోడియాన్ని శరీరానికి అవసరమైన మేరకు తిరిగి పీల్చుకుంటాయి. ఆ పనిలో అవి లిథియాన్ని కూడా సోడియంగానే భావించి లోపలికి తీసుకుంటాయి. చెమట ద్వారా ఉప్పు, నీరు కోల్పోయినప్పుడు శరీరం సోడియాన్ని మరింత గట్టిగా పట్టి ఉంచుతుంది, దానితోపాటు లిథియం కూడా పేరుకుపోతుంది. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ దాకా ఉంటే మందు, 1.5 దాటితే చేతులు వణకడం, వాంతులు, తూలిపోవడం, తికమక మొదలై ప్రాణం మీదికి రావచ్చు. నలభై ఐదు డిగ్రీల ఎండలో బరువైన కవచం మోస్తూ, ఒళ్ళునొప్పులకు ఐబుప్రొఫెన్ వేసుకునే సైనికుడిలో ఈ మార్పుకు ఎక్కువ రోజులు పట్టదు, ఎందుకంటే ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు కూడా లిథియం బయటికి పోకుండా అడ్డుకుంటాయి. వేసవిలో పొలం పనికో ఉపాధి పనికో వెళ్ళే మన లిథియం రోగులకు కూడా ఈ జాగ్రత్త అంతే అవసరం. సరైన మోతాదులో ఉన్నప్పటికీ కొందరికి వేళ్ళు సన్నగా వణుకుతాయి. తుపాకీ గురి చూసేవాడికి, శస్త్రచికిత్స చేసే సైనిక వైద్యుడికి అది చిన్న విషయం కాదు. లిథియంతో సంబంధం లేని మరో మందు చిక్కు కూడా ఉంది: మలేరియా ప్రాంతాలకు వెళ్ళే దళాలకు ఒకప్పుడు విరివిగా ఇచ్చిన మెఫ్లోక్విన్ మాత్ర మానసిక లక్షణాలను రేపగలదని 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్ర హెచ్చరిక చేర్చింది. మానసిక వ్యాధి చరిత్ర ఉన్నవారికి నివారణ మందుగా దాన్ని ఇవ్వకూడదు.

లిథియం మేనియానూ, అది తిరగబెట్టడాన్నీ అడ్డుకుంటుందన్నది దశాబ్దాల అనుభవంలో రుజువైన విషయం. ఆత్మహత్యలను తగ్గిస్తుందన్న అభిప్రాయం కూడా వైద్యుల్లో బలంగా ఉంది. బైపోలార్ రోగుల్లో ఆత్మహత్య ముప్పు సాధారణ జనాభాతో పోలిస్తే 20 నుంచి 30 రెట్లు ఎక్కువని లెక్కలు చెబుతున్నందున ఈ ప్రశ్నకు చాలా విలువ ఉంది. అయితే అమెరికాలో ఆత్మహత్యకు సంబంధించిన ఘటన నుంచి అంతకు కొద్దికాలం ముందే బయటపడిన 519 మంది మాజీ సైనికులపై జరిగి, ఫలితాలు 2022లో అచ్చయిన ఒక పరీక్షలో, మామూలు చికిత్సకు లిథియాన్ని జోడించినందువల్ల అలాంటి ఘటనలు తగ్గినట్టు కనిపించలేదు. వారిలో ఎక్కువమందికి ఉన్నది బైపోలార్ కాక మామూలు కుంగుబాటు కావడం, రక్తంలో లిథియం స్థాయి తక్కువగా ఉండడం, చాలామంది మందు సక్రమంగా వాడకపోవడం ఇందుకు కొంత కారణం కావచ్చు. అయినప్పటికీ, పీటీఎస్‌డీ, మద్యం, ఒంటరితనం కలగలిసిన మాజీ సైనికుడి జీవితంలో ఒక్క మాత్ర సర్వరోగ నివారిణి కాలేదని ఆ పరీక్ష గట్టిగా గుర్తుచేసింది.

ఆ జీవితం విరమణ తరువాత కొత్త మలుపు తిరుగుతుంది. సైన్యం యుద్ధకాలంలో నిద్రను చెడగొడుతుంది నిజమే, కాని శాంతికాలంలో బారకాసు జీవితం మనిషి దినచర్యను గడియారం ముల్లులా నడిపిస్తుంది: లేచే వేళ, కవాతు వేళ, మెస్‌లో తిండి వేళ, దీపాలార్పే వేళ అన్నీ ఇంకెవరో నిర్ణయించినవే. ఈ కట్టుబాటు తెలియకుండానే జీవగడియారాన్ని పట్టి ఉంచుతుంది. విరమణతో అది ఒక్కరోజులో తొలగిపోతుంది. దానితోపాటు హోదా, తోటివారి సాంగత్యం, తానెవరన్న ప్రశ్నకు ఉన్న సమాధానం కూడా పోతాయి. అమెరికన్ పరిశోధకురాలు ఎలెన్ ఫ్రాంక్ రూపొందించిన ఒక చికిత్సా పద్ధతి సరిగ్గా ఈ లోటును పూడ్చడానికే ఉపయోగపడుతుంది. నిద్రలేచిన సమయం, మొదటిసారి మరో మనిషితో మాట్లాడిన సమయం, పని మొదలుపెట్టిన సమయం, రాత్రి భోజనం, పడక వేళ రోజూ ఒక పట్టికలో రాసుకుని, అవి అటూ ఇటూ జరగకుండా చూసుకోవడం, ఆ వేళలను తలకిందులు చేసే కుటుంబ కలహాలనూ దుఃఖాలనూ చికిత్సకుడితో కలిసి పరిష్కరించుకోవడం ఇందులోని ప్రధానాంశాలు. 2005లో ప్రచురితమైన ఆమె అధ్యయనంలో, జబ్బు తీవ్రంగా ఉన్న దశలో ఈ చికిత్స పొందినవారు తరువాత ఎక్కువ కాలం జబ్బు తిరగబెట్టకుండా ఉండగలిగారు. బారకాసు బయటి నుంచి విధించిన క్రమాన్ని మాజీ సైనికుడు ఇంట్లో తనంతట తాను నిర్మించుకోవడమే ఇది. క్రమశిక్షణకు అలవాటుపడిన మనిషికి ఇది ఇతరుల కంటే సులువుగా పట్టుబడే అవకాశం ఉంది. మార్టిన్ కూడా ఎండ బాగా ఉండే ఫ్లోరిడాకు నివాసం మార్చుకుని, మందు, మాటల చికిత్స, వ్యాయామం, స్నేహితుల బృందం, మానసిక ఆరోగ్యం గురించి ప్రచారం చేయడమనే ఒక కొత్త కర్తవ్యం, వీటన్నిటి ఆధారంగా స్థిమితమైన జీవితం గడుపుతున్నారు.

భారత సైన్యంలో ఈ జబ్బు బయటపడినవారి పరిస్థితిని నిర్ణయించేది 'షేప్' అనే వైద్య వర్గీకరణ. మానసిక స్థితి, వినికిడి, కాళ్ళు చేతులు, శారీరక సామర్థ్యం, చూపు అనే ఐదు అంశాల్లో ఒక్కొక్కదానికి 1 నుంచి 5 దాకా శ్రేణి ఇస్తారు. 1 అంటే పూర్తి యోగ్యత, 5 అంటే సర్వీసుకు అనర్హత. ఆ మొదటి అంశంలో శ్రేణి పడిపోయినవారు 'లో మెడికల్ కేటగిరీ'లోకి వెళ్ళి, తేలికపాటి విధుల్లో కొనసాగవచ్చు లేదా వైద్య మండలి సిఫార్సుపై ఇంటికి రావచ్చు. ఇంటికి వచ్చినవారికి అసలు పోరాటం పెన్షన్ దగ్గర మొదలవుతుంది. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందని గానీ, సర్వీసు వల్ల ముదిరిందని గానీ తేలి, వైకల్యం 20 శాతానికి తగ్గకుండా ఉంటేనే వైకల్య పెన్షన్ వస్తుంది. మానసిక వ్యాధుల్లో ఇది వంశపారంపర్యమంటూ తిరస్కరించడం పరిపాటి. ఈ విషయంలో ధరంవీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కీలకమైనది: చేరే నాటికి జబ్బు ఉన్నట్టు వైద్య పత్రాల్లో నమోదు కాకపోతే ఆ సైనికుడు అప్పటికి ఆరోగ్యవంతుడేనని భావించాలనీ, తరువాత వచ్చిన జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని నిరూపించే భారం ప్రభుత్వానిదేననీ న్యాయస్థానం చెప్పింది. ఆ కేసు మూర్ఛవ్యాధికి సంబంధించినదైనా సూత్రం ఇతర జబ్బుల విషయంలోనూ ఆధారం కాగలదు. శాస్త్రం కూడా ఈ తీర్పు పక్షానే ఉంది. జన్యువులు జబ్బుకు వీలు కల్పించినంత మాత్రాన, దాన్ని రేపిన నిద్రలేని రాత్రుల బాధ్యత చెరిగిపోదు.

తెలుగునాట సైనిక కుటుంబాలకు కొదవ లేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలిటరీ మాధవరమన్న పేరు ఊరికే రాలేదు. సెలవు మీదనో విరమణ తరువాతనో ఇంటికి వచ్చిన సైనికుడు వరుసగా కొన్ని రాత్రులు రెండు మూడు గంటలే పడుకుంటూ అలసట లేకుండా తిరుగుతుంటే, మాట వేగం పెరిగితే, ఉన్నట్టుండి స్థలాలు కొనడం, అప్పులు చేయడం మొదలుపెడితే, దాన్ని మిలిటరీవాడి హుషారనో తాగుడు మహిమనో కొట్టిపారేయకుండా, ఏ రోజు ఎంతసేపు నిద్రపోయాడో ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, అతనితో పాటు మానసిక వైద్యుడి దగ్గరికి ఆ కాగితం కూడా తీసుకువెళ్ళాలి. మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్ అనే వైద్య పథకం కింద ఈ చికిత్స లభిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీమానస్ సేవలో 14416 నంబరుకు ఫోన్ చేస్తే రోజుకు 24 గంటలూ ఉచితంగా, తెలుగులోనే సలహా అందుతుంది. సైనికుల కోసం, వారి కుటుంబాల కోసం 2023 డిసెంబరు నుంచి పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో ఒక ప్రత్యేక విభాగం కూడా పనిచేస్తోంది.